పోయినచోటే వెతుక్కునే మనసు



రాత్రి రెండు దాటింది. చీనీ తోటలో బోరు బండి మోగుతోంది. లైట్ల వెలుతురులో తెల్లటి రాతి దుమ్ము పొగలా లేచి చెట్ల మీద పడుతోంది. గట్టు మీద మా మామ గొంతుక్కూర్చుని ఉన్నాడు. రాడ్డు ఒకటి దిగినప్పుడల్లా పక్కనున్న కుప్పలోంచి ఒక గులకరాయి తీసి తువ్వాలు మీద పెడుతున్నాడు. ఎన్ని అడుగులు దిగిందో తన లెక్క తనకు ఉండాలని. తువ్వాలు మీద రాళ్లు ఇరవై ఒకటి అయ్యాయి. నీళ్లు తగిలితే దుమ్ము ఆగిపోయి బురద చిమ్ముతుంది. ఆ బురద కోసమే అందరి కళ్లూ. దుమ్ము మాత్రం ఆగలేదు.

బండి నడిపే అతను దగ్గరికొచ్చి అడిగాడు. "నాలుగు నూర్లా ఇరవై అయింది. ఏం చేద్దామన్నా?"

మామ తల ఎత్తకుండా అన్నాడు. "ఇంగో నూరు పోనీ అప్పా. ఇంత పెట్టినాంక ఇప్పుడు నిలిపితే, పెట్టిందంతా మన్నైపోదా?"

అది 2002, కరువు సంవత్సరం. అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. నాలుగు ఎకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట. చెట్లకు తొమ్మిదేళ్లు. పాత బోరు సన్నగిల్లిపోతే అప్పటికే రెండు కొత్తవి వేయించాడు, రెండూ దుమ్మే. ఇది మూడోది. ఆ రాత్రి ఆరు వందల అడుగులు దాటాక బండి ఆపాడు. అప్పటికి డబ్బు అయిపోయింది, అందుకని ఆపాడు.

నేను మనస్తత్వశాస్త్రం పాఠం చెప్పే మనిషిని. మనసు ఎక్కడెక్కడ ఒక పక్కకు మొగ్గుతుందో, ఆ మొగ్గు మన నిర్ణయాలను ఎట్లా లాగేస్తుందో పుస్తకాల్లో పెద్ద పట్టికలే ఉన్నాయి. ఆ పట్టికలు ఎప్పుడు చదివినా నాకు ఆ గట్టే కళ్లముందుకొస్తుంది. ఒక్క బోరు చుట్టూ అవన్నీ కూర్చుని ఉంటాయి. అందుకే ఈ పూట నేను ఆ గట్టు దగ్గరే ఉండి మాట్లాడతాను.

మామ అన్న మాటతోనే మొదలుపెడదాం. ఇంత పెట్టినాంక. ఈ మాట మీరూ విని ఉంటారు, అని ఉంటారు. ఇల్లు సగం లేచాక అంటాం. పొలం తగాదా కోర్టులో పదేళ్లు నలిగాక అంటాం. పిల్లవాడికి ఇష్టం లేని కోచింగ్‌లో రెండేళ్లు గడిచాక అంటాం. ఖర్చయిపోయిన డబ్బు ఎట్లాగూ తిరిగి రాదు. ఇక ముందు పెట్టేది ఎంత, దానికి వచ్చేది ఎంత, ఆలోచించాల్సింది అంతే. కానీ మనసు ఆ పాత ఖర్చును తీసుకొచ్చి కొత్త లెక్కలో వేస్తుంది. మునిగిన ఖర్చు అంటారు దీన్ని.

1985లో హాల్ ఆర్కెస్, కాథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు అమెరికాలో ఈ మొగ్గును పరీక్షించారు. వాళ్లు అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇది. మీరు ఒక విమానాల కంపెనీ అధ్యక్షులు. రాడార్‌కు కనపడని విమానం తయారీ మీద కోటి డాలర్లు పెట్టారు. పని తొంభై శాతం అయింది. ఇంతలో ఇంకో కంపెనీ అంతకంటే వేగమైనది, అంతకంటే చవకైనది బజారులోకి తెచ్చింది. మిగిలిన పది శాతం డబ్బు కూడా పెట్టి మీ విమానం పూర్తి చేస్తారా? నలభై ఎనిమిది మందిని అడిగితే నలభై ఒక్కరు పూర్తి చేస్తామన్నారు. మరో అరవై మందికి అదే ప్రశ్న, కానీ అంతకుముందు పెట్టిన డబ్బు సంగతి లేకుండా ఇచ్చారు. మీ దగ్గర పది లక్షల డాలర్లున్నాయి, అవతలివాళ్ల విమానం ఇప్పటికే మెరుగ్గా ఉంది, ఇట్లాంటిది మొదలుపెడతారా అని. సరేనన్నవాళ్లు పది మంది. రెండు చోట్లా చేతిలో ఉన్నది అదే పది లక్షలు, తయారయ్యేది అదే విమానం. మధ్యలో ఉన్న తేడా, వెనక పోయిన డబ్బు ఒక్కటే.

పేద రైతుకే ఈ చిక్కు అనుకోకండి. బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు 1962లో కాంకోర్డ్ విమానానికి ఒప్పందం చేసుకుని, ఖర్చు తిరిగి రాదని తెలుస్తున్నా వదలలేక వదలలేక 1976 దాకా లాక్కొచ్చాయి. చివరికి దాన్ని కొన్నవి ఆ రెండు దేశాల విమాన సంస్థలే. రెండు ప్రభుత్వాలు, ఎంతమందో ఆర్థికవేత్తలు ఉండి కూడా అన్నది మామ అన్న మాటే.

అయితే ఇక్కడొక న్యాయం చెప్పాలి. చీనీ తోట రైతును తప్పుబట్టేవాళ్లు చాలామంది ఆ తోటలోకి ఎప్పుడూ దిగలేదు. తొమ్మిదేళ్లు పెంచిన చెట్టు పోయిన ఖర్చు కాదు. అది బతికుంటే వచ్చే ఏడు కాస్తుంది, ఆ పై ఏడూ కాస్తుంది. దాన్ని కాపాడుకోవడానికి నీళ్ల కోసం వెతకడం తెలివితక్కువ పని ఎట్లా అవుతుంది? ఆ ఎండల్లో ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్ల మొదళ్లలో పోసినవాళ్లను నేను చూశాను. వాళ్ల లెక్క వాళ్లకుంది. చెట్టు ముందుకు చూసే లెక్కలోది. ఎండిన రెండు బోర్లు వెనక్కి చూసే లెక్కలోవి. రెండూ ఒకే చేనులో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి రెండు లెక్కలూ కలిసిపోతాయి. ఆ రాత్రి మామ చెట్ల కోసం ఇంకో నూరు అడుగులు అని ఉంటే నేను వేరే మాట చెప్పేవాణ్ని. పెట్టింది మన్నైపోతుందని అన్నాడు.

సరే, ఇప్పుడు మీకొక ప్రశ్న. రేడియో ముందున్నవాళ్లు మనసులోనే జవాబు చెప్పుకోండి. మీకు మూడు వేల రూపాయలు ఖాయంగా ఇస్తారు. లేదంటే ఒక పందెం. నూటికి ఎనభై పాళ్లు నాలుగు వేలు వస్తాయి, ఇరవై పాళ్లు ఏమీ రాదు. ఏది తీసుకుంటారు?

తీసుకున్నారు కదా. ఇప్పుడు రెండోది. మీ దగ్గర నుంచి మూడు వేలు ఖాయంగా పోతాయి. లేదంటే పందెం. ఎనభై పాళ్లు నాలుగు వేలు పోతాయి, ఇరవై పాళ్లు ఏమీ పోదు. ఏది?

డానియెల్ కానెమన్, అమోస్ ట్వెర్స్కీ అనే ఇద్దరు మనస్తత్వశాస్త్రవేత్తలు ఇజ్రాయెల్‌లో విద్యార్థులనూ అధ్యాపకులనూ అక్కడి డబ్బు లెక్కలో ఇదే అడిగారు. 1979లో వచ్చిన వాళ్ల వ్యాసంలో ఫలితాలున్నాయి. రాబడి మాట వచ్చినప్పుడు నూటికి ఎనభై మంది ఖాయంగా వచ్చే మూడు వేలే చాలన్నారు. పోగొట్టుకునే మాట వచ్చేసరికి నూటికి తొంభై రెండు మంది పందెం కాశారు. కాగితం మీద లెక్కవేస్తే ఆ పందెంలో సగటున పోయేది మూడు వేల రెండు వందలు. అంటే ఖాయంగా పోయేదానికంటే ఎక్కువే. అయినా తొంభై రెండు మంది అటే పోయారు.

లాభంలో ఉన్న మనిషి జాగ్రత్తగా ఉంటాడు. నష్టంలో కూర్చున్న మనిషి పందెం కాస్తాడు. ఏమీ పోకుండా బయటపడే ఆ ఇరవై పాళ్లు అతనికి దీపంలా కనిపిస్తుంది. కానెమన్‌కు 2002లో, అదే కరువు సంవత్సరంలో, ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ట్వెర్స్కీ అప్పటికి ఆరేళ్ల కిందటే చనిపోయారు. వాళ్లు రాసిన సూత్రానికి అర్థం నేను చదువుకున్నది తరగతి గదిలో అయినా, తెలుసుకున్నది మాత్రం ఆ గట్టు మీద. మొదటి బోరు వేయించేటప్పుడు మామ మూడు ఊళ్లు తిరిగి, నలుగురిని అడిగి, బేరమాడి, రేటు తగ్గించుకుని వేయించాడు. మూడో బోరుకు ఎవరినీ అడగలేదు. బండి పక్క ఊళ్లో ఉందని తెలిసి ఆ సాయంత్రమే పిలిపించాడు.

ఇక కొబ్బరికాయ సంగతి. దీని దగ్గర కాసేపు ఆగుతాను.

మూడు బోర్లకూ పాయింటు పెట్టింది, అంటే ఎక్కడ వేయాలో చెప్పింది, ఒక్కడే. వయసు మళ్లిన మనిషి, మంచివాడు, డబ్బు కోసం మోసం చేసే రకం కానే కాదు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తాడు. ఒకచోట కాయ వణికి నిలువుగా లేస్తుంది. అక్కడ మడమతో గీత గీస్తాడు. అది చూస్తుంటే చిన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించేది. ఆయన లేపడం లేదు, కాయే లేస్తోంది. ఆయనా అదే నమ్ముతాడు, నిజాయితీగా నమ్ముతాడు.

చెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1833లో ఇట్లాంటి దాని గురించే రాశాడు. దారానికి బరువు కట్టి పాదరసం మీద వేలాడదీస్తే అది దానంతటదే ఊగేది. కళ్లకు గంతలు కట్టుకుని పట్టుకుంటే ఊగడం ఆగిపోయింది. ఊపింది తన చెయ్యే, ఆ సంగతి తనకే తెలియలేదు. మనసులో ఉన్న ఊహ కండరాలను మనకు తెలియకుండానే కదిలిస్తుంది. నీళ్లు చూసే మనిషికి చేను చదవడం తెలుసు. ఏ చెట్టు పచ్చగా ఉంది, నేల ఎక్కడ వాలింది, పక్క బోరు ఎక్కడుంది, ఇవన్నీ ఆయన కళ్లు పట్టుకుంటాయి. చెయ్యి ఆ మాట కాయకు చెబుతుంది. నేను అర్థం చేసుకున్నది ఇది.

మరి అది పనిచేస్తుందా? జర్మనీలో మ్యూనిక్ దగ్గర 1987, 88లో ఒక పశువుల కొట్టంలో పరీక్ష పెట్టారు. కింది అంతస్తులో నీళ్ల గొట్టాన్ని ఒక బండి మీద పెట్టి ప్రతిసారీ చోటు మారుస్తారు. పై అంతస్తులో నీళ్లు చూసేవాళ్లు నడిచి గొట్టం ఎక్కడుందో చెప్పాలి. ఐదు వందల మంది నుంచి ఏరిన నలభై మూడు మంది, ఎనిమిది వందల నలభై మూడు ప్రయత్నాలు. కొందరు బాగా చెప్పారని పరీక్ష జరిపినవాళ్లే మురిసిపోయారు. తర్వాత 1999లో జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త ఆ అంకెలన్నీ తిరగేసి చూస్తే, అవి గుడ్డిగా చెప్పినదానికి మించి లేవని తేలింది. ఒకసారి బాగా చెప్పినవాడే మరోసారి అంతే బాగా చెప్పలేకపోయాడు.

అయినా మన ఊళ్లలో కొబ్బరికాయకు ఇంత పేరు ఎందుకొచ్చింది? అనంతపురం వైపు నేల కింద ఎక్కువగా గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలో ఉన్నవే మన నీళ్లు. కాయ లేచినచోట వేసినా, లేవనిచోట వేసినా కొన్ని పగుళ్లకు తగులుతాయి, కొన్ని తగలవు. లేవనిచోట ఎవరూ వేసి చూడరు కాబట్టి పోల్చడానికి ఏమీ ఉండదు. తగిలిన బోరు గురించి ఊరంతా చెప్పుకుంటుంది. తగలని బోరుకు ఒక కారణం దొరుకుతుంది. బండి పక్కకు జరిగింది, ఇంకో పది అడుగులు పోవాల్సింది, ఆ రోజు మంచిది కాదు. నమ్మకానికి సరిపడేది గుర్తుంచుకుని, సరిపడనిదానికి సాకు చెప్పుకునే ఈ అలవాటు చదువుకున్నవాళ్లకు లేదని నేననను. చదువుకున్నవాళ్లకు సాకులు ఇంకా బాగా దొరుకుతాయి.

దీనికి తోడు మన కళ్లు. బస్సులో పోతుంటే నీళ్లు పడిన చేను పచ్చగా కిలోమీటరు దూరానికి కనిపిస్తుంది. ఎండిపోయిన బోరు ఎట్లా ఉంటుంది? నేలలో జానెడు వెడల్పు రంధ్రం, దాని మీద ఒక బండరాయి. కొన్నిచోట్ల ఆ రాయి కూడా ఉండదు. ఇక్కడ ఒక్క మాట పక్కకు వెళ్లి చెబుతాను, క్షమించండి. వట్టిపోయిన బోరును దయచేసి మట్టితో, రాళ్లతో అడుగు నుంచి పైదాకా పూడ్చేయండి. పసిబిడ్డలు వాటిలో పడి ప్రాణాలు పోతుంటే సుప్రీంకోర్టు 2010లోనే దీని మీద నిబంధనలు పెట్టింది. ఇవాళ వింటున్నవాళ్లలో ఒక్కరి చేనులో అట్లాంటిది ఉన్నా, రేపు పొద్దున ఆ పని ముందు చూడండి.

చెప్పేదేమంటే, గెలిచినవి కంటికి కనిపిస్తాయి, ఓడినవి రాయి కింద ఉంటాయి. పక్క చేనాయనకు ఐదో బోరులో రెండించుల నీళ్లు పడ్డాయన్నది మా మామకు ఎవరో చెప్పారు. ఐదు వేసినా పడనివాళ్లు ఎంతమందో ఎవరూ చెప్పలేదు. వాళ్లలో కొందరు అప్పటికి ఊళ్లోనే లేరు, బెంగళూరు పనులకు వెళ్లిపోయారు.

మూడు పోయాయి కాబట్టి నాలుగోది పడాలి అని కూడా అంటారు. 1913 ఆగస్టు 18న మోంటేకార్లో జూదశాలలో రౌలెట్ చక్రంలో తిరిగే బంతి వరసగా ఇరవై ఆరు సార్లు నలుపు మీదే ఆగింది. ఇక ఎరుపు రాక తప్పదని ప్రతిసారీ ఎరుపు మీద కాసినవాళ్లు నిలువునా మునిగారు. చక్రానికి జ్ఞాపకం ఉండదు. బోరు సంగతి ఇంకా కఠినం. చక్రంలో ముందు పోయిన ఆటలు తర్వాతి ఆట గురించి ఏమీ చెప్పవు, చేనులో చెబుతాయి. ఒకే చేనులో మూడు చోట్ల ఐదారు వందల అడుగులు దుమ్మే లేచిందంటే, కింద రాయి ఎట్లా ఉందో భూమి మూడుసార్లు చెప్పినట్టు. నాలుగోదాని మీద ఆశ అందుకు తగ్గాలి. మనసు మాత్రం ఆశ పెంచుతుంది.

ఈ మాటలు వింటున్న పట్నం కుర్రవాళ్లు ఇది మన సంగతి కాదని రేడియో కట్టేయకండి. స్టాక్ మార్కెట్‌లో ఎఫ్ అండ్ ఓ, అంటే ధరలు ముందుముందు ఎటు పోతాయన్న పందేలు, ఆడేవాళ్ల మీద మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం బయటపెట్టింది. మూడేళ్లలో కోటికి పైగా మామూలు మనుషులు ఆడితే, నూటికి తొంభై మూడు మంది నష్టపోయారు. అందరిదీ కలిపి పోయింది ఒక లక్షా ఎనభై వేల కోట్ల రూపాయలకు పైనే. నన్ను ఆపింది ఆ అంకె కాదు. వరసగా నష్టం వచ్చినవాళ్లలో నూటికి డెబ్భై ఐదుగురికి పైగా ఆట మానలేదన్నది. అక్కడ రాత్రి రెండు గంటల దుమ్ము లేదు, గట్టు లేదు, గులకరాళ్లు లేవు. చేతిలో ఫోను, ఏసీ గది. మాట మాత్రం అదే. పోయినచోటే రాబట్టాలి.

పోయినచోటే వెతుక్కోవాలని మన పెద్దలు అన్నది చెవి కమ్మలాంటి వాటి గురించి. కమ్మ ఎక్కడ జారిందో అక్కడే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. బోరులో పోసిన డబ్బు బోరు అడుగున లేదు. అది బండివాడి డీజిలు అయింది, కూలి అయింది, కేసింగు పైపు అయింది.

ఇవన్నీ తెలిస్తే తప్పించుకోవచ్చా? కానెమన్ తన 2011 పుస్తకంలో సొంత కథ ఒకటి రాశారు. ఇజ్రాయెల్‌లో ఆయనా మరికొందరూ కలిసి బడి పిల్లలకు ఒక పాఠ్యపుస్తకం రాయడం మొదలుపెట్టారు. ఎన్నాళ్లు పడుతుందని అందరినీ కాగితం మీద రాయమంటే రెండేళ్లకు అటూ ఇటూ రాశారు. అందులో ఒకాయన ఇట్లాంటి పనుల్లో పండినవాడు. మీరు చూసిన బృందాల సంగతి చెప్పండి అని ఆయన్ని అడిగారు. ఆయన కాసేపు మౌనంగా ఉండి చెప్పాడట. నూటికి నలభై బృందాలు అసలు పూర్తిచేయనే లేదు, చేసినవాళ్లకు ఏడు నుంచి పదేళ్లు పట్టింది అని. ఆ నిమిషం దాకా ఆయనకే తన అనుభవం గుర్తు రాలేదు. రెండేళ్లని ఆయనా రాశాడు. అందరూ విన్నారు, తర్వాత ఏమీ విననట్టే పని సాగించారు. పుస్తకానికి ఎనిమిదేళ్లు పట్టింది. అది చివరికి వాడుకలోకి కూడా రాలేదు. ఈ మొగ్గుల మీద జీవితమంతా పనిచేసిన మనిషి తన గదిలో, పట్టపగలు, అప్పు లేని చోట ఆగలేకపోయాడు. ఎండిపోతున్న తోట మధ్యలో, రాత్రి రెండింటికి, ఊరంతా చూస్తుండగా ఆగలేకపోయిన రైతును ఎవరైనా మూర్ఖుడంటే నాకు కోపం వస్తుంది.

మా అత్త బడికి పోలేదు. మూడో బోరు పోయిన నెలకు, మామ నాలుగోదాని మాట ఎత్తితే ఆమె అడిగింది నాకు బాగా గుర్తు. "ఈ చేను నీది కాకుండా ఈ పొద్దే కొన్నావనుకో. మూడు బోర్లు ఎండినాయని తెల్సి, బండిని పిలుస్తావా?"

మామ జవాబు చెప్పలేదు. లేచి బయటికి పోయాడు. మరుసటి ఏడు ఎండాకాలంలో బండిని పిలిచే ముందు మాత్రం, తలుపు వెనక ఉన్న క్యాలెండరు మీద అత్త చూస్తుండగా రాశాడు. ఒక్క బోరు, మూడు వందల అడుగులు. బండి రాకముందు, దుమ్ము లేవకముందు, మనసు నిదానంగా ఉన్న పగటి పూట రాశాడు. ఈసారి పాయింటు కూడా కొబ్బరికాయది కాదు, నేలలోకి కరెంటు పంపి రాతిని చూసే జియాలజిస్టుది. దాంతోనైనా నీళ్లు ఖాయం కాదని ఆయనే ముందు చెప్పాడు.

ఆ రాత్రి నేనూ ఉన్నాను. పదిహేనో రాయి తువ్వాలు మీద పడింది, అంటే మూడు వందల అడుగులు అయ్యాయి. బండి నడిపే అతను గొట్టం దగ్గర దుమ్ము వేళ్లతో నలిపి చూసి అన్నాడు. "తేమ తగులుతాంది అన్నా. ఇంగో రెండు రాడ్లు పోదామా?"

మామ రాళ్ల వంక చూశాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఇంటి వైపు చూశాడు. దీపం వెలుగుతూనే ఉంది. "పైకి తీయండప్పా" అన్నాడు.

రాడ్లన్నీ పైకి వచ్చేసరికి తెల్లవారింది. బండి వెళ్లిపోయాక మామ ఒక ముంతలో సున్నం కలుపుకుని తోటలోకి దిగాడు. పాత బోరు నీళ్లు ఎన్ని చెట్లకు సరిపోతాయో వేళ్ల మీద లెక్కగట్టుకుంటూ, సగం చెట్లకు మొదట్లో తెల్లటి బొట్టు పెట్టాడు. మిగతా సగాన్ని ఆ వారంలో కొట్టించేశాడు. గొడ్డలి దెబ్బ పడుతున్నంతసేపూ అత్త ఇంట్లోంచి బయటికి రాలేదు. బొట్టు పెట్టిన చెట్లు ఆ తర్వాత పదేళ్లకు పైగా కాశాయి.